లేడాయన చెప్పిన సాక్ష్యం

మా అక్క మొగుణ్ణి ఊళ్ళో అందరూ లేడాయన అంటారు. ఎవరైనా తమ కష్టం చెప్పుకుని, చివర్లో అలవాటు కొద్దీ "పైన దేవుడున్నాడు" అంటే చాలు, ఆయన చేస్తున్న పని ఆపి, తల ఎత్తి, "లేడు" అని చెప్పి మళ్ళీ పనిలో పడతాడు. పరామర్శకు వెళ్ళిన చోటా అంతే. పెళ్ళైన కొత్తలో మా అమ్మ ముందు కూడా అలాగే అన్నాడు. ఆ పూట మా అమ్మ అన్నం ముట్టలేదు. అక్క మాత్రం నవ్వి, "ఈయన లేడన్నంత మాత్రాన పోయే దేవుడైతే ఉండి మాత్రం ఏం లాభం, నువ్వు తినవే అమ్మా" అని కంచం ముందుకు జరిపింది. అప్పటినుంచీ వాళ్ళిద్దరి మధ్యా అదే ఒప్పందం. ఆవిడ ప్రార్థన ఆవిడది, ఆయన లేడు ఆయనది.

బావ పని లేత్ మిషను మీద. ఇనుప కడ్డీని బిగించి, తిప్పి, చెక్కి షాఫ్టులూ బుష్షులూ చేస్తాడు. నాది కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే షాపు. మోటారు విప్పితే సగంసార్లు షాఫ్టు కూడా అరిగిపోయి ఉంటుంది. అది పట్టుకుని బావ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. అలా రోజూ ముఖాలు చూసుకునేవాళ్ళం. నోరు పుల్లన, చేయి తిన్నన అని ఆయన గురించి మా అక్క అనేది.

నా షాపు మీద ఒక గది ఖాళీగా ఉండేది. ముగ్గురు స్నేహితులం కూర్చుని మాట్లాడుకోవడానికి కావాలని బావ అడిగితే ఇచ్చాను. మిగతా ఇద్దరూ ఎవరంటే, ఒకాయన వీధి చివర టైలరు, ఇంకొకాయన బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారు. ముగ్గురికీ దేవుడి మీద నమ్మకం లేదు. వారానికోసారి పైకి ఎక్కి, టీ తెప్పించుకుని, పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్ళు. దేవుడి మీద ఎంతసేపని వాదిస్తారు? లేడని ముగ్గురూ ఒప్పుకున్నవాళ్ళే కదా. అందుకని మిగతా ప్రపంచం మీద వాదించుకునేవాళ్ళు. కింద వార్నిష్ పోసిన మోటార్లు ఆరబెట్టుకుంటూ నేను వినేవాణ్ణి. బావ అంత గట్టిగా నవ్వడం నేను మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

మెల్లగా ఇంకో పదిమంది చేరారు. సంఘం అని పేరొచ్చింది. మాస్టారు రిటైరయ్యాక ఆయనకు ఇదే లోకమైపోయింది. మనిషి మంచివాడు, ఓపిక ఉన్నవాడు, కాకపోతే ఏదైనా ఒక వరసలో పెట్టందే నిద్రపట్టదు. మొదట కుర్చీలు వరసగా వేయించాడు. తర్వాత కూర్చునే ముందు అందరూ నిలబడి ఒక ప్రమాణం చదవాలన్నాడు. "నేను కంటికి కనబడని దేనికీ తలవంచను" అని మొదలయ్యేది అది. తర్వాత చొక్కా కాలరుకు నల్ల గుండీ పెట్టుకోవాలన్నారు. ఆ గుండీలు టైలరే కుట్టి ఇచ్చాడు. బావ గుండీ పెట్టుకోలేదు. ప్రమాణం చదివేటప్పుడు కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూసేవాడట. ఎందుకలా అంటే, "కనబడేవాటికి తలవంచొచ్చేమోనని చూస్తున్నా" అన్నాడట. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

అయినా స్నేహం చెడలేదు. బావ కూతురు, మాస్టారి కొడుకు ఒకరినొకరు ఇష్టపడ్డారు. సంఘం గదిలోనే, నా నెత్తిమీదే పెళ్ళి జరిగింది. ఏ తంతూ లేదు. అప్పటినుంచి మాస్టారు ఆయన్ని "బావగారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఈయన మాత్రం వియ్యంకుణ్ణి మాస్టారూ అనే పిలిచేవాడు. ఆ పిల్ల మామగారి పక్కన నిలబడి సంఘం పనులన్నీ నెత్తినేసుకుంది. చిన్నపిల్లలకు ఆదివారం తరగతులు కూడా పెట్టింది.

అంతలో టైలరు పోయాడు. పని చేసుకుంటూ చేసుకుంటూ మిషను మీదికి ఒరిగిపోయాడు.

ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు. నాకు ఏ మతం తంతూ చెయ్యొద్దు అని పదిసార్లు చెప్పిన మనిషి. తీరా చూస్తే ఆయన్ని పెట్టడానికి చోటు లేదు. మా ఊళ్ళో ఏ మతం శ్మశానం ఆ మతానిదే. ఒక చోటికి వెళ్తే మా వాడు కాదన్నారు. ఇంకో చోటికి వెళ్తే మా పద్ధతిలో చేస్తే సరే, లేకపోతే గేటు తియ్యం అన్నారు. మాస్టారూ బావా కాళ్ళరిగేలా తిరిగారు. చివరికి టైలరు వాళ్ళ అన్న ఎక్కడినుంచో దిగాడు. ఏళ్ళ తరబడి తమ్ముడి గుమ్మం తొక్కని మనిషి. నా రక్తం, నా ఇష్టం అన్నాడు. బోధకుణ్ణి వెంటబెట్టుకొచ్చి, శవం తల దగ్గర నిలబెట్టి, తమ్ముడు చివరి క్షణంలో దేవుణ్ణి తలుచుకున్నాడని నలుగురి ముందూ చెప్పించాడు. ఆ చివరి క్షణంలో టైలరు చేతిలో పక్కింటివాళ్ళ పిల్ల గౌను ఉందని మా అందరికీ తెలుసు. బావ ఆ బోధకుడి మీదికి వెళ్ళబోతే నేనూ అల్లుడూ చెరో రెక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చాం. ఆ తర్వాత చాలా రోజులు ఆయన లేత్ దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. 'లేడు' అని కూడా అనలేదు.

మాస్టారిలో ఆ అవమానం ఇంకో దారి పట్టింది. తర్వాతి సమావేశంలో ఆయన లేచి, సంఘాన్ని ఒక మతంగా గుర్తించమని ప్రభుత్వాన్ని అడుగుదామన్నాడు. గుర్తింపు ఉంటే శ్మశానానికి స్థలం ఇస్తారు, సొంత హాలు కట్టుకోవచ్చు, మన పెళ్ళి పెళ్ళిగా చెల్లుతుంది, మన పిల్లల్ని బళ్ళో ఇంకొకరి ప్రార్థనకు నిలబెట్టరు. పేరుదేముంది, పనికొచ్చేది కావాలి కానీ, అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కింద నా మీద దుమ్ము రాలింది.

ఆ చప్పట్లు ఆగాక బావ గొంతు వినబడింది. మొదట్లో మామూలుగానే మాట్లాడాడు. మనం దేన్ని వదిలేసి ఇక్కడికి వచ్చామో దాని పేరే మళ్ళీ నెత్తిన పెట్టుకుందామా అని అడిగాడు. మాస్టారు ఓపికగా ఏదో సమాధానం చెప్పారు. బావ గొంతు పెరిగింది. మాస్టారి గొంతూ పెరిగింది. నేను చేతిలో తీగ వదిలేసి మెట్లెక్కాను.

బావ అంటున్నాడు. "రోజంతా నేను ఇనుముకి చిల్లు వేస్తాను మాస్టారూ. చిల్లు కూడా ఇనుమేనని నాకే చెప్తారా?"

మాస్టారు తడుముకోలేదు. "చుట్టూ ఇనుము లేకపోతే నీ చిల్లు ఎక్కడ నిలుస్తుంది? టైలరుకి చుట్టూ ఏమీ లేకే కదా వాణ్ణి ఎత్తుకుపోయారు. నీ పౌరుషం వాడికి ఆరడుగుల నేల ఇచ్చిందా?"

బావగారూ, మీరు అన్నవి రెండూ పోయి 'నువ్వు' వచ్చింది. గదిలో అందరికీ అది వినబడింది. బావ ముఖం ఇంత చిన్నదైపోయింది. టైలరు పేరెత్తడం ఆయనకు ఎక్కడో తగిలింది. తగిలితే తగ్గే మనిషా? నోటికి వచ్చినట్టల్లా అన్నాడు. నీకు దేవుడు అక్కర్లేదు కానీ పీఠం కావాలి అన్నాడు. ఈ గదిలో ఉన్నవాళ్ళకి మోకాళ్ళు దురదపెడుతున్నాయి, ఎవరి ముందు వంచాలో తెలియక నీ ముందు వంచుతున్నారు అన్నాడు. అంతటితో ఆగలేదు. కూతురి వైపు తిరిగి, మొదటి భక్తురాలివి నువ్వే అన్నాడు.

ఆ పిల్ల ఏడవలేదు. "బయటికి వెళ్ళు నాన్నా" అంది.

వారం తిరక్కుండా చేతులెత్తించి ఆయన్ని సంఘం నుంచి తీసేశారు. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఆయన ఊరుకోలేదు. నల్ల గుండీ పెట్టుకున్నవాడు వీధిలో కనబడితే చాలు, "ఏం భక్తా, ఇవాళ ఉపవాసమా?" అని పలకరించేవాడు. ఒకడైతే ఆయన్ని తప్పించుకోవడానికి మురికి కాలవ దాటి అవతలి సందులోంచి పోయేవాడు. వాళ్ళూ తక్కువ తినలేదు. లేడాయనకి మతి పోయిందని, చాటుగా పెళ్ళాంతో కలిసి ప్రార్థన చేస్తున్నాడని పుకారు లేపారు. అది నిజమనుకుని అక్క వెళ్ళే మందిరం బోధకుడు ఒకరోజు పళ్ళు పట్టుకుని ఇంటికే వచ్చాడు. తప్పిపోయినవాడు దొరికాడని సంతోషమట. బావ ఆయన్ని గేటు దాకా తరిమి, పళ్ళు గోడ మీంచి విసిరేశాడు. అక్క బయటికి వెళ్ళి ఆ పళ్ళన్నీ ఏరుకొచ్చి కడిగి కోసింది.

"ఇన్నాళ్ళూ దేవుడు లేడన్నాడు, భరించాను" అంది నాతో. "ఇప్పుడు లేడన్నవాళ్ళు కూడా లేరంటున్నాడు. ఇంక ఈ ఇంట్లో మిగిలింది నేనూ, ఈ పళ్ళూ."

కూతురికి ఆడపిల్ల పుట్టింది. బావ ఆసుపత్రికి వెళ్ళి, వియ్యంకుడు లేని సమయం చూసుకుని, పిల్లను కాసేపు ఎత్తుకుని, మళ్ళీ తల్లి పక్కన పడుకోబెట్టి వచ్చాడు. ఆ రెండుమూడు వారాలూ మెత్తబడ్డాడు కూడా. తండ్రీకూతుళ్ళ మధ్య మాట కలిసింది. ఇంతలో పిల్లను సంఘంలోకి తీసుకునే సభ పెట్టారని తెలిసింది. మాస్టారు కొత్తగా మొదలుపెట్టిన పద్ధతి. పిల్లను ఒళ్ళో పెట్టుకుని పెద్దవాళ్ళు దాని తరఫున ప్రమాణం చదవాలి. ప్రభుత్వం నుంచి విచారణకు వస్తారని, అప్పటికి మాకూ పద్ధతులున్నాయని చూపించాలని ఆయన తొందర.

వెళ్ళొద్దని అక్క చెప్పింది. నేనూ చెప్పాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, నా షాపు ముందు నుంచే పైకి వెళ్ళాడు. వెనక వరసలో బుద్ధిగా కూర్చున్నాడు. మాస్టారు మనవరాల్ని రెండు చేతుల్లో ఎత్తి, "నేను కంటికి కనబడని దేనికీ" అని మొదలుపెట్టగానే లేచాడు.

"ఆ పిల్లకి ఇంకా పాలసీసాయే సరిగా కనబడదు. దానిచేత ఎందుకు ఒట్టు పెట్టిస్తున్నారు? నమ్ముతుందో మానుతుందో అది చెప్పుకోదా పెద్దయ్యాక?"

మాస్టారు చదవడం ఆపలేదు. బావ కుర్చీల మధ్యలోంచి ముందుకు నడిచాడు. పిల్లను లాక్కోవడానికా, వట్టినే దగ్గరికి వెళ్ళడానికా, ఇప్పటికీ ఆయన చెప్పడు. అల్లుడు అడ్డం వచ్చాడు. తోపులాట గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మం అవతల మెట్లు. నేను కింద ఒక పంపు మోటారు మూత బిగిస్తున్నాను. దబదబమని చప్పుడు, ఆ వెంటే మెట్ల మొదట్లో బావ. కుడి మణికట్టు విరిగింది. పైన గుమ్మంలో అల్లుడు కొయ్యబారిపోయి నిలబడ్డాడు. వాడి భుజం మీంచి నా మేనకోడలు తొంగిచూసింది. ఒక మెట్టు దిగింది. లోపల పిల్ల గుక్కపట్టడం వినబడి వెనక్కి వెళ్ళిపోయింది.

చేతికి కట్టు ఉన్నన్నాళ్ళూ లేత్ ఆగిపోయింది. ఆ ఖాళీ ఆయన్ని ఇంకా విషం చేసింది. కూతురు పేరు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. అల్లుడు క్షమాపణ చెప్పడానికి వస్తే తలుపు తియ్యలేదు. మాస్టారు రాలేదు. వస్తే ఏమయ్యేదో నాకు తెలియదు కానీ, రాకపోవడం నాకూ నచ్చలేదు. ఆ మాట మేనకోడలితో అన్నాను. ఆ పిల్ల నా వైపు నిదానంగా చూసి, "మామయ్యా, నాన్న ఆ రోజు నా కూతుర్ని చూడ్డానికి రాలేదు. మావయ్యగారి మీద గెలవడానికి వచ్చాడు" అంది.

కట్టు విప్పాక విచారణాధికారి వచ్చింది. యాభై ఏళ్ళావిడ, ఎండలో నడిచొచ్చి ఆయాసపడుతూ నా షాపులో మంచినీళ్ళు తాగి మరీ పైకి వెళ్ళింది. విచారణ బహిరంగమేనని, ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని ముందే చాటించారు. అందుకని నేనూ వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. బావ నాకంటే ముందే వచ్చి కిటికీ దగ్గర, తన పాత చోటులో నిలబడి ఉన్నాడు.

ఆవిడ అడగాల్సినవి అడిగింది. మీ నమ్మకం ఏమిటి అంటే మాస్టారికి ఆ మాటే గిట్టలేదు. మాకు నమ్మకాలుండవు, ఆలోచన ఉంటుంది అన్నారు. పూజ లాంటిది ఏమైనా ఉందా అంటే, ఛ, కేవలం సమావేశాలు అన్నారు. ఆ ప్రమాణం ఏమిటి అంటే, అది ఒక విధమైన తీర్మానం అన్నారు. గుర్తింపు కావాలని అంత పోరాడిన మనిషికి, తీరా మతమన్న మాట నోట పలకాల్సి వచ్చేసరికి పక్కదారులే దొరికాయి. వయసంతా దేన్ని తిట్టాడో అది నేనేనని ఎలా చెప్తాడు? పక్కనున్నవాళ్ళు ఆయన చొక్కా లాగుతున్నారు. ఆవిడ కలం మూసేసింది. ఇది చర్చలు జరుపుకునే క్లబ్బులాగా ఉంది, మతమని నేను రాయలేను అంది.

అక్కడ బావ ఊరుకుని ఉంటే ఆయన కోరుకున్నదే జరిగేది. ఆయన ఊరుకోవడం ఎప్పుడైనా చూశామా? మాస్టారు అబద్ధాలు చెప్తుంటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"క్లబ్బు కాదమ్మా. వీళ్ళని నమ్మకండి, నన్నడగండి. నమ్మకం లేదంటాడా? దేవుడున్నాడని అంటే చాలు, ఆ మనిషిని వీధిలో పలకరించరు. తీర్మానమంటాడా? ఇంత పసిగుడ్డుచేత చదివించారు. గుండీ లేనివాణ్ణి పరాయివాణ్ణి చూసినట్టు చూస్తారు. పెళ్ళిళ్ళు వాళ్ళలో వాళ్ళకే కావాలంటారు. ఎదురు మాట్లాడానని నన్ను వెలివేశారు. కన్నకూతురు నన్ను గడప దాటమంది. ఇదిగో ఈ చెయ్యి చూడండి, వంగదు. ఇంతకన్నా మతానికి ఏం కావాలి?"

ఆవిడ మళ్ళీ కలం తెరిచింది. ఇవన్నీ నిజమేనా అని సంఘంవాళ్ళను అడిగింది. ఒక్కొక్కళ్ళే తలలూపారు. అల్లుడు తల ఎత్తకుండా ఊపాడు. చివరికి మాస్టారు కూడా.

"మీరు ఇప్పుడు సంఘంలో లేరు కదా?" అని బావను అడిగింది.

"లేను. ఉండను."

"అయితే మీ మాటకే విలువెక్కువ" అని ఆవిడ చాలాసేపు రాసుకుంది.

తను ఏం చేశాడో బావకు అప్పుడు అర్థమైంది. కిటికీ చువ్వ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇంత జరిగినా మాస్టారికి నవ్వు రాలేదు, చెప్పుకోవాలంటే ఆ ముసలాయన ముఖంలో సిగ్గే కనబడింది. నవ్వింది మిగతావాళ్ళు. ఒకడు చప్పట్లు కూడా మొదలుపెట్టాడు. మేనకోడలు వాడి చేతులు పట్టుకుని ఆపింది.

కొన్ని నెలలకు గుర్తింపు వచ్చింది. ఊరి చివర స్థలం ఇచ్చారు, గోడ కట్టారు, హాలు లేచింది. ఊళ్ళోవాళ్ళకు వినోదం. లేడాయన కొత్త మతం పెట్టించాడట అని టీకొట్టు దగ్గర చెప్పుకున్నారు. అది విన్న రోజున ఆయన లేత్ దగ్గర ఒక మంచి షాఫ్టును అవసరమైనదానికన్నా సన్నగా చెక్కి పాడుచేశాడు. ఆయన చేతిలో వస్తువు చెడడం నేను అదే చూడటం.

"నేను పోతే నన్ను తీసుకెళ్ళి ఆ గోడ లోపల మాత్రం పెట్టకండ్రా. పెడితే లేచి వస్తాను" అన్నాడు ఆ రాత్రి ఇంట్లో అన్నాల దగ్గర నాతో.

"లేచి వస్తే ఇంకో మతం మొదలవుతుంది బావా" అన్నాను. ఆయన నవ్వలేదు. అక్క నవ్వింది, నవ్వి కళ్ళొత్తుకుంది.

ఆవిడే చివరికి కూతురి ఇంటికి వెళ్ళి గట్టిగా మాట్లాడింది. పిల్లను పంపించు, దానిముందు మీ నాన్న లేడనడు, ఉన్నాడని నేనూ అనను, నువ్వు ప్రమాణం గొడవ ఎత్తకు అంది. మేనకోడలు ఒప్పుకుంది. ఇప్పుడు పిల్ల వస్తుంది, తాత భుజమెక్కుతుంది, సాయంత్రానికి తల్లి వచ్చి గేటు దగ్గర నిలబడి తీసుకుపోతుంది. "లోపలికి రా" అని ఆయన అనడు. "వస్తాను" అని ఆ పిల్లా అనదు.

సంఘం కొత్త హాలుకు మారేటప్పుడు మాస్టారు నా గది తాళం ఇవ్వడానికి వచ్చారు. అప్పుడే బావ ఒక షాఫ్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి బేరింగు కూర్చోబెట్టి చూస్తున్నాడు. విచారణ తర్వాత ఇద్దరూ ఎదురుపడటం అదే. నేను చేతులు తుడుచుకునే నెపంతో అక్కడే నిలబడ్డాను.

మాస్టారు తాళంచెవి బల్ల మీద పెట్టి, "అక్కడ నీకో కుర్చీ వేయించాను. కిటికీ పక్కన. గుండీ అక్కర్లేదు, ప్రమాణం అక్కర్లేదు. వచ్చి తిట్టిపో" అన్నారు.

బావ తల ఎత్తలేదు. వేలితో బేరింగును తిప్పి చూసుకుంటున్నాడు.

"తిట్టేవాడికి కూడా కుర్చీ వేశారంటే ఇంక మీకు లోటు లేదు మాస్టారూ" అన్నాడు. మళ్ళీ 'మీరు' అన్నాడని నేను గమనించాను. అది మన్నన కాదు, ఇద్దరి మధ్యా గోడ. మాస్టారికీ అది అర్థమైంది. ఆయన మెల్లగా వీధిలోకి దిగి, కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయారు.

బావ బేరింగును మళ్ళీ తిప్పాడు. అది ఒకచోట పట్టుకుంటోంది. ఇంకో చుట్టు చెక్కాలన్నాడు, షాఫ్టు తీసి చంకలో పెట్టుకుని, మాస్టారు వెళ్ళిన వైపు కాకుండా రెండో వైపు నుంచి తన మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.